చిన్నప్పుడు క్యాన్సర్ తగ్గిన తమ్ముడు గుండె టెస్ట్‌కి రానంటున్నాడు, ఎలా ఒప్పించాలి?

తెనాలి అక్క రాసింది:

అందరికీ నమస్కారం. మా తమ్ముడికి పద్నాలుగో ఏట హాడ్జ్‌కిన్ లింఫోమా, అంటే లింఫు గ్రంథుల క్యాన్సర్ వచ్చింది. మెడ పక్కన గడ్డలా మొదలైంది. హైదరాబాద్‌లో ఉంచి కీమో ఇప్పించాం, తర్వాత ఛాతీకి రేడియేషన్ కూడా ఇచ్చారు. దేవుడి దయ వల్ల పూర్తిగా తగ్గిపోయింది. ఇప్పుడు వాడికి 27. గచ్చిబౌలిలో ఉద్యోగం, సాయంత్రాలు బ్యాడ్మింటన్, చూస్తే ఎవరూ నమ్మరు.

మొన్న నేను షుగర్ చెకప్‌కి వెళ్తే డాక్టరమ్మ ఇంట్లో ఎవరెవరికి ఏ జబ్బులున్నాయని అడిగారు. తమ్ముడి సంగతి చెప్పగానే "వాడికి చివరిసారి ఎకో, అదే గుండె స్కాన్, ఎప్పుడు తీయించారు?" అన్నారు. నాకు తెలిసి ట్రీట్‌మెంట్ అయిపోయాక ఒక్కసారి కూడా తీయించలేదు. కొన్ని కీమో మందులు, ఛాతీ రేడియేషన్ వల్ల చాలా ఏళ్ళ తర్వాత గుండె దెబ్బతినే అవకాశం ఉందట, ఆ సంగతి మాకెవరూ చెప్పలేదు.

వాడితో అంటే "నేను బాగానే ఉన్నా కదక్కా, మళ్ళీ ఆ హాస్పిటల్ గోల ఎందుకు" అని ఫోన్ పెట్టేశాడు. అమ్మది ఇంకో బాధ. సంబంధాలు చూస్తున్న టైమ్‌లో గుండె పరీక్ష అంటే ఎవరి చెవినైనా పడుతుందని భయం. మధ్యలో నాకు నిద్ర పట్టడం లేదు. ఎవరికైనా ఇలాంటి అనుభవం ఉంటే చెప్పండి.

ఉన్నమాట అన్నారు:

అమ్మా, తప్పుగా అనుకోకండి. పదేళ్ళు దాటినా ఏమీ కాలేదు, బ్యాడ్మింటన్ ఆడుతున్నాడు అంటున్నారు. మరి దేనికండీ ఈ టెస్ట్? ఈ మధ్య కార్పొరేట్ ఆసుపత్రులు ప్రతి మనిషినీ పేషెంట్ చేసేస్తున్నాయి. ఆరోగ్యంగా ఉన్నవాణ్ణి పట్టుకెళ్ళి టెస్టులు చేయిస్తే ఏదో ఒకటి బయటపడుతుంది. అబ్బాయిని వదిలేయండి.

ఖమ్మం ఫిజీషియన్ రాశారు:

"ఉన్నమాట" గారూ, కార్పొరేట్ ఆసుపత్రుల టెస్టుల మీద మీ కోపం నాకూ ఉంది. కానీ ఇది ఆ కోవలోది కాదు.

డాక్సోరూబిసిన్, డానోరూబిసిన్ అనే మందులున్నాయి. ఆంత్రసైక్లిన్లు అంటారు. సెలైన్ గొట్టంలో ఎర్రగా దిగే మందు, ఎక్కించుకున్నవాళ్ళకి మూత్రం కూడా ఎర్రగా వస్తుంది, గుర్తుండే ఉంటుంది. పిల్లల బ్లడ్ క్యాన్సర్, లింఫోమా, ఎముక క్యాన్సర్లలో ఎన్నో ప్రాణాలు నిలబెట్టిన మందులివి. అయితే గుండె కండరంలోని కణాల మీద కూడా ఇవి దెబ్బ కొడతాయి. చర్మం, రక్తం లాగా గుండె కణాలు మళ్ళీ పెద్దగా పుట్టవు. పిల్లవాడు ఎదుగుతాడు, శరీరం పెరుగుతుంది, ఉన్న కొద్ది కణాలతోనే గుండె ఆ భారమంతా మోయాలి. ఏళ్ళ తరబడి మోస్తుంది కూడా. తర్వాత బీపీ రావడమో, గర్భం రావడమో, బరువు పెరగడమో జరిగినప్పుడు ఒక్కసారిగా చేతులెత్తేస్తుంది. ఆయాసం, కాళ్ళ వాపు కనిపించే సరికి పంపింగ్ బాగా పడిపోయి ఉంటుంది. అందుకే "ఏమీ లేదు కదా" అన్న మాట ఇక్కడ పనికిరాదు. తొలి దశలో ఏమీ తెలియకపోవడమే దీని లక్షణం.

ఛాతీ రేడియేషన్ దారి వేరు. అది గుండె రక్తనాళాల్ని, కవాటాల్ని దెబ్బతీస్తుంది. ముప్పై, నలభై ఏళ్ళకే బ్లాకులు రావచ్చు.

అమెరికాలో సర్వైవర్లని, అంటే చిన్నప్పుడు క్యాన్సర్ నుంచి బయటపడ్డ వేల మందిని, వాళ్ళ సొంత అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళతో పోల్చి చూసిన పెద్ద అధ్యయనం 2006లో వచ్చింది. గుండె ఫెయిల్యూర్ సర్వైవర్లలో 15 రెట్లు ఎక్కువని తేలింది. అప్పటికి వాళ్ళ సగటు వయసు 27 లోపే. అంటే మన తమ్ముడి వయసే. పదిహేను రెట్లంటే అందరికీ వస్తుందని కాదు, ఆ వయసులో మామూలుగా చాలా అరుదు కాబట్టి రెట్లు పెద్దగా కనిపిస్తాయి. కానీ ముందే కనిపెడితే మందులతో నిలబెట్టగలిగిన జబ్బుని చూడకుండా వదిలేయడం దేనికి?

అక్కా, ఏ మందు ఎంత డోసు ఇచ్చారో, రేడియేషన్ ఎన్ని గ్రేలు (రేడియేషన్ డోసు కొలత) ఇచ్చారో తెలిస్తే మిగతాది చెప్పగలను.

నల్లగొండ బిడ్డ రాసింది:

అక్కా, నేను మీ తమ్ముడి వైపు నుంచి చెప్తా.

నాకు పదకొండేళ్ళప్పుడు మోకాలి దగ్గర ఆస్టియోసార్కోమా, ఎముక క్యాన్సర్. కాలు నిలబడింది, లోపల రాడ్ ఉంది. ఆ తర్వాత హాస్పిటల్ ఛాయలకే పోలేదు. జ్వరమొస్తే మెడికల్ షాపులో గోలీ తెచ్చుకొని మింగేదాన్ని. స్పిరిట్ వాసన తగిలితే చాలు, కడుపులో తిప్పేది. మా ఆయనకి పెళ్ళికి ముందే అన్నీ చెప్పిన, ఆయనే పట్టుబట్టి పిల్లల కోసం ప్లాన్ చేసే ముందు డాక్టర్ దగ్గరికి తీసుకుపోయిండు. ఆ గైనకాలజిస్ట్ మేడమ్ నా పాత ఫైల్ చదివి, గర్భం సంగతి తర్వాత, ముందు ఎకో తీయించుకొని రా అన్నది.

ఆ టెస్ట్ ఎట్లుంటదో చెప్తా, ఎందుకంటే నేను ఊహించుకున్నది వేరు. సూది లేదు. మిషన్ గొట్టంలోకి పంపడం లేదు. ఎడమ పక్కకి తిరిగి, ఎడమ చేయి తల కింద పెట్టుకొని పడుకోమన్నరు. ఛాతీ మీద చల్లటి జెల్లీ రాసి, చిన్న మైకు లాంటి దాన్ని పక్కటెముకల సందులో ఆనించి ఒత్తుతరు. అక్కడక్కడ గట్టిగా ఒత్తినప్పుడు కొంచెం నొప్పి, అంతే. ఊపిరి బిగబట్టమంటరు, వదలమంటరు. అరగంట కూడా పట్టలేదు. ఆడ టెక్నీషియన్ కావాలని ముందే అడగండి, ఇస్తరు.

నా పంపింగ్, అంటే గుండె ఒక్కో దెబ్బకి బయటికి నెట్టే రక్తం, 45 శాతం వచ్చింది. మామూలుగా 55 పైన ఉండాలంట. నాకు ఆయాసం లేదు, ఏమీ లేదు. మెట్లు ఎక్కుతున్న, స్కూల్లో నిలబడి పాఠాలు చెప్తున్న. ఎనలాప్రిల్, కార్వెడిలాల్ అనే గుండె మందులు మొదలుపెట్టి మెల్లగా డోసు పెంచిన్రు. తర్వాత ఎకోలో 52. గర్భం కోసం ఎనలాప్రిల్ ముందే ఆపాలంట, కడుపులో బిడ్డకి మంచిది కాదు. ఇప్పుడు గుండె డాక్టర్, గైనిక్ డాక్టర్ ఇద్దరూ మాట్లాడుకొని ఎప్పుడు ఏది ఆపాలో చూస్తున్నరు.

మీ తమ్ముడిది మొండితనం అనుకోకండి. భయం. "బాగానే ఉన్న" అనే మాట మేం చాలా కష్టపడి సంపాదించుకున్నం. ఒక్క టెస్ట్‌తో అది పోతదేమోనని.

తెనాలి అక్క:

నల్లగొండ చెల్లీ, నీ పోస్ట్ చదివి ఏడుపొచ్చింది. వాడికి ఫార్వర్డ్ చేద్దామనుకొని ఆగాను, నీకు అభ్యంతరం లేకపోతేనే పంపుతా.

డాక్టర్ గారూ, అమ్మ బీరువాలోంచి ఫైల్ తీశాను. చాలా కాగితాలు పాలిపోయాయి, ఈసీజీ కాగితం మీద గీతలే లేవు, తెల్లగా అయిపోయింది. డిశ్చార్జ్ కాగితం మీద "ఏబీవీడీ, 6 సైకిళ్ళు" అని ఉంది. రేడియేషన్ గురించి ఒకచోట 20 గ్రే అని చేత్తో రాసి ఉంది, ఏ భాగానికో అర్థం కావట్లేదు.

ఖమ్మం ఫిజీషియన్:

భలే పనిచేశారు. ఏబీవీడీ అంటే నాలుగు కీమో మందుల కలయిక, అందులో మొదటి అక్షరం ఏడ్రియామైసిన్, అంటే డాక్సోరూబిసినే. మామూలు లెక్కలో ఒక్కో డోసు శరీర ఉపరితల వైశాల్యంలో చదరపు మీటరుకి 25 మిల్లీగ్రాములు, సైకిల్‌కి రెండు డోసులు. ఆరు సైకిళ్ళంటే 300. డోసులేమైనా తగ్గించారేమో అసలు కీమో చార్ట్ చూస్తేనే ఖాయంగా తెలుస్తుంది.

ఇప్పుడు అంతర్జాతీయంగా పాటిస్తున్న లెక్క ఇది. మొత్తం డోసు 250 గానీ అంతకు మించి గానీ ఉన్నా, గుండెకి తగిలిన రేడియేషన్ 30 గ్రేలు, ఆపైన ఉన్నా హై రిస్క్. రెండూ కలిసి పడినప్పుడు డోసు 100, రేడియేషన్ 15 గ్రేలు ఉన్నా, దాటినా హై రిస్కే. వీళ్ళకి రెండేళ్ళకోసారి ఎకో, జీవితాంతం. 100 నుంచి 250 లోపు డోసుంటే ఐదేళ్ళకోసారి. ట్రీట్‌మెంట్ ముగిసిన రెండేళ్ళలోపే ఇది మొదలవ్వాలి. మీ తమ్ముడు డోసు ఒక్కదానితోనే హై రిస్క్‌లో పడుతున్నాడు. కంగారు పడాల్సిన పని లేదు, వాయిదా మాత్రం వేయకండి.

ఈ ఫోరమ్‌లో చదివి మందులు మాత్రం ఎవరూ మొదలుపెట్టకండి, దయచేసి.

కాకినాడ కాజా అడిగాడు:

మధ్యలో దూరుతున్నందుకు సారీ. నాకు ఐదేళ్ళప్పుడు లుకేమియా, ఇప్పుడు 31. నా సమ్మరీలో డానోరూబిసిన్ మొత్తం 60 అని ఉంది, రేడియేషన్ ఛాతీకి లేదు. నేనూ రెండేళ్ళకోసారి వెళ్ళాలా? టెన్షన్ వచ్చేసింది ఇది చదువుతుంటే.

ఖమ్మం ఫిజీషియన్:

అవసరం లేదు తమ్ముడూ. 100 లోపు డోసుని లో రిస్క్ అంటారు, వాళ్ళకి క్రమం తప్పకుండా ఎకో చేయించాలన్న సిఫారసు లేదు. పైగా డానోరూబిసిన్‌ని డాక్సోరూబిసిన్ లెక్కలోకి మారిస్తే దాదాపు సగమే వస్తుంది. మీరు బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ చూపించుకుంటూ ఉండండి. బీపీ వస్తే మాత్రం తేలిగ్గా తీసుకోవద్దు. ఈ మందులు పడిన గుండెకి బీపీ తోడైతే రిస్క్ కూడిక లాగా కాదు, అంతకు మించి పెరుగుతుంది. "ఉన్నమాట" గారూ, చూశారా, అందరికీ టెస్ట్ రాయడం లేదు!

ఉన్నమాట:

చూశానండీ. సరే, ఒప్పుకుంటున్నా. ఖర్చు సంగతి కూడా చెప్పండి మరి, అసలు మాట అదే కదా.

రికార్డ్ రూమ్ బాబాయ్ రాశారు:

ఖర్చు నేను చెప్తా. మా విజయవాడలో మామూలు డయాగ్నస్టిక్ సెంటర్‌లో టూడీ ఎకో పదిహేను వందలు, రెండు వేలు మధ్యలో ఉంటుంది. పెద్దాసుపత్రుల్లో ఇంకా ఎక్కువ తీసుకుంటారు. 

నేను ఓ ఆసుపత్రి మెడికల్ రికార్డ్స్‌లో పనిచేసి రిటైరయ్యా. రికార్డుల గురించి ఒకటి చెప్పాలి. డాక్టర్ల ప్రవర్తనా నియమావళి 2002 ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు ట్రీట్‌మెంట్ మొదలైన నాటి నుంచి మూడేళ్ళు ఉంచాలి. పేషెంట్ గానీ, అతని తరఫున అధికారం ఉన్నవాళ్ళు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్ళు దాటాక ఉంచడం, ఉంచకపోవడం ఆసుపత్రిని బట్టి. పెద్ద క్యాన్సర్ ఆసుపత్రులు చాలా వరకు ఉంచుతాయి, కానీ ఆలస్యం చేసేకొద్దీ దొరికే ఆశ తగ్గుతుంది. చెదపురుగులు, వాన నీళ్ళు, బిల్డింగ్ మార్పిడి, అన్నీ చూశాను నేను.

మెంఫిస్‌లో ఒంగోలు రాసింది:

నేను ఇక్కడ అమెరికాలో నర్సుని, పిల్లల క్యాన్సర్ విభాగంలో. ఎలా ఒప్పించాలన్న అసలు ప్రశ్నకి కాస్త జవాబు నా దగ్గర ఉంది.

ఇక్కడ సర్వైవర్ల మీద ఒక ట్రయల్ చేశారు, 2014లో ఫలితాలొచ్చాయి. గుండెకి హాని చేసే ట్రీట్‌మెంట్ తీసుకొని, గత ఐదేళ్ళలో గుండె పరీక్షే చేయించుకోని 25 ఏళ్ళు దాటిన వాళ్ళని తీసుకున్నారు, మొత్తం 472 మంది. అందరికీ వాళ్ళ ట్రీట్‌మెంట్ వివరాలు, ఏ పరీక్ష ఎందుకు చేయించుకోవాలో రాసిన కాగితం పంపారు. అందులో సగం మందికి అదనంగా అనుభవమున్న నర్సులు ఫోన్ చేసి మాట్లాడారు. ఏడాది తర్వాత చూస్తే కాగితం మాత్రమే అందినవాళ్ళలో 22 శాతం మంది పరీక్ష చేయించుకున్నారు. ఫోన్ కూడా వచ్చినవాళ్ళలో 52 శాతం. కాగితం అదే, సమాచారం అదే, తేడా అంతా ఒక మనిషి మాట్లాడటంలో వచ్చింది.

ఆ ఫోన్‌లో లెక్చర్ ఇవ్వరు. "నీ గుండె పాడైపోతుంది" అని బెదిరించరు. "ఈ పరీక్ష గురించి నువ్వేమనుకుంటున్నావు? వెళ్ళడానికి ఏది అడ్డం వస్తోంది?" అని అడిగి, చెప్పేదాకా ఆగుతారు. ఒకరికి డబ్బు, ఒకరికి సెలవు, ఒకరికి ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలో తెలియకపోవడం, ఇంకొకరికి ఫలితం భయం. అడ్డం ఏంటో తెలిశాకే దానికి తగ్గ మాట.

అక్కా, మీరు ఇప్పటిదాకా వాడికి "వెళ్ళు" అని ఎన్నిసార్లు చెప్పారో, "ఎందుకు వెళ్ళాలనిపించట్లేదు" అని ఎన్నిసార్లు అడిగారో ఒకసారి ఆలోచించండి. ఇంకోటి, ఇంటి వాళ్ళ మాట కన్నా బయటివాళ్ళ మాట ఒక్కోసారి బాగా ఎక్కుతుంది. నల్లగొండ బిడ్డ సరేనంటే ఆవిడతో మాట్లాడించండి. మన దగ్గర కూడా సర్వైవర్ల గ్రూపులున్నాయి. ముంబైలో 2009లో మొదలైన ఉగమ్ అలాంటిదే, ఇండియన్ క్యాన్సర్ సొసైటీ కింద నడుస్తుంది. టాటా మెమోరియల్‌లో ట్రీట్‌మెంట్ అయిపోయిన పిల్లల కోసమే 1991 నుంచి యాక్ట్ క్లినిక్ ఉంది. మీ వాడు చూపించుకున్న ఆసుపత్రిలో ఫాలోఅప్ క్లినిక్ ఉందేమో ముందు అక్కడే కనుక్కోండి.

నల్లగొండ బిడ్డ:

నాకు అభ్యంతరం లేదక్కా. నంబర్ మెసేజ్‌లో పెడతా. తమ్ముడు నాతో మాట్లాడకున్నా ఏం కాదు, చదివితే చాలు.

పల్నాడు అమ్మ రాసింది:

తెనాలి అమ్మాయీ, మీ అమ్మగారి బాధ నాకు తెలుసు, నేనూ తల్లినే. మా వాడికి నాలుగేళ్ళప్పుడు బ్లడ్ క్యాన్సర్. వాడికి ఊహ తెలిసేటప్పటికి ట్రీట్‌మెంట్ అయిపోయింది. మేం "చిన్నప్పుడు నీకు రక్తం తక్కువైంది" అని చెప్పి పెంచాం. చుట్టాలక్కూడా అదే మాట. మాకు చూసిన డాక్టరుగారు ఒక రోజు నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, రేపు వీడు బెంగళూరు వెళ్ళి ఏదో డాక్టర్ దగ్గర కూర్చుంటే తన ఒంట్లోకి ఏ మందు వెళ్ళిందో చెప్పలేడు, అప్పుడు నువ్వు పక్కన ఉంటావా?" అన్నారు. ఇంటర్ అయ్యాక కూర్చోబెట్టి చెప్పాం. వాడు ఒక్క నిమిషం ఊరుకొని, "నాకు తెలుసమ్మా, ఎనిమిదో తరగతిలో ఫైల్ చూశా" అన్నాడు! ఇన్నేళ్ళూ మా కోసం తెలియనట్టు ఉన్నాడు.

సంబంధాల విషయం. దాచి చేసిన పెళ్ళిలో బిడ్డ సుఖపడడు, ఆయాసమొచ్చినా చెప్పుకోలేడు. ఎకో రిపోర్ట్ బాగుందని చేతిలో ఉంటే అది మీకే బలం, అవతలివాళ్ళకి చూపించి చెప్పొచ్చు. ఈ మాట మీ అమ్మగారికి నా మాటగా చెప్పండి.

కాకినాడ కాజా:

పల్నాడు అమ్మగారూ 🙏 మా ఇంట్లోనూ అంతే. "నిమ్ము చేసింది" అని చెప్పారు నాకు.

ఉన్నమాట:

ఇన్సూరెన్స్ గురించి ఎవరూ మాట్లాడట్లేదు. రిపోర్ట్‌లో ఏదైనా వస్తే పాలసీ ఇవ్వరు కదా?

రికార్డ్ రూమ్ బాబాయ్:

మంచి ప్రశ్నే. కొత్తగా పాలసీ తీసుకునేటప్పుడు క్యాన్సర్ సంగతి ఎలాగూ చెప్పాలి, దాస్తే క్లెయిమ్ దగ్గర తంటా. 2024 ఏప్రిల్ నుంచి ముందే ఉన్న జబ్బులకి వెయిటింగ్ (క్లెయిమ్‌కి ఆగాల్సిన కాలం) మూడేళ్ళకి మించకూడదని ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన, అంతకుముందు నాలుగేళ్ళు ఉండేది. అబ్బాయికి ఆఫీస్ గ్రూప్ పాలసీ ఉంటే చాలా వాటిలో ఈ వెయిటింగే ఉండదు, హెచ్‌ఆర్‌ని అడిగితే చెబుతారు. ఐటీ కంపెనీలు చాలా వరకు ఏడాదికోసారి ఫ్రీ హెల్త్ చెకప్ ఇస్తాయి. అందులో ఎకో ఉందో లేదో చూసుకోమనండి, చాలా ప్యాకేజీల్లో ఈసీజీ మాత్రమే ఉంటుంది. డాక్టరుగారూ, ఈసీజీ సరిపోదు కదా?

ఖమ్మం ఫిజీషియన్:

సరిపోదు. ఈసీజీ నార్మల్‌గా ఉండి పంపింగ్ తగ్గినవాళ్ళు ఉంటారు. ఎకోనే కావాలి. వీలుంటే ఆ ఎకోలోనే స్ట్రెయిన్, అంటే గుండె కండరం ఎంత బాగా ముడుచుకుంటోందో చెప్పే కొలత కూడా చూడమని అడగండి, పంపింగ్ శాతం పడిపోక ముందే కండరంలో మార్పుని అది పట్టుకుంటుంది. ప్రతిసారీ ఒకే సెంటర్‌లో తీయించుకుంటే పోల్చుకోవడం తేలిక.

తెనాలి అక్క తమ్ముడు రాశాడు:

అక్క లింక్ పంపింది. మొత్తం చదివాను. నా గురించి ఇంతమంది మాట్లాడుకుంటున్నారంటే కొంచెం సిగ్గుగా ఉంది, కొంచెం కోపం కూడా, అబద్ధం ఎందుకు.

అడ్డం ఏంటని ఆ నర్సు గారు అడగమన్నారు కదా. అక్క నిన్న రాత్రి అడిగింది. నాకు డబ్బు సమస్య కాదు. వెయిటింగ్ హాల్. కీమోకి వెళ్ళినప్పుడు నా పక్కన కూర్చునే కుర్రాడు ఒకడుండేవాడు, ఒకసారి వెళ్తే లేడు. ఆ బ్లాక్‌లోకి మళ్ళీ అడుగుపెట్టలేను. గుండె పరీక్షకి కూడా అక్కడికే వెళ్ళాలనుకున్నాను. బయట ఏ సెంటర్‌లోనైనా తీయించుకోవచ్చంటే నేను రెడీ. నల్లగొండ అక్కతో మాట్లాడతాను. ప్రస్తుతానికి అమ్మతో అనకండి, రిపోర్ట్ వచ్చాక నేనే చెప్తా.

రెండు డౌట్లు. బ్యాడ్మింటన్ ఆపాలా? నార్మల్ వస్తే మళ్ళీ రెండేళ్ళదాకా మర్చిపోవచ్చా?

ఖమ్మం ఫిజీషియన్:

స్వాగతం తమ్ముడూ. బయట ఎక్కడైనా తీయించుకోవచ్చు, క్యాన్సర్ ఆసుపత్రికే వెళ్ళాలన్న రూల్ లేదు. రిపోర్ట్‌ని మాత్రం ఒక కార్డియాలజిస్ట్‌కి చూపించి, ఏబీవీడీ, రేడియేషన్ సంగతి నోటితో చెప్పండి. మీరు చెప్పకపోతే 27 ఏళ్ళ కుర్రాడి ఎకోని వాళ్ళు మామూలు కళ్ళతోనే చూస్తారు.

బ్యాడ్మింటన్ ఆపక్కర్లేదు, ఆడండి. జిమ్‌లో ఊపిరి బిగబట్టి బాగా బరువులెత్తే అలవాటుంటే ఎకో వచ్చేదాకా ఆగండి. సిగరెట్ ఉంటే ఈ రోజే మానేయండి. నార్మల్ వస్తే ఎకో మళ్ళీ రెండేళ్ళకి, కానీ ఏడాదికోసారి బీపీ, కొలెస్ట్రాల్, షుగర్ చూసుకోవాలి. ఛాతీకో మెడకో రేడియేషన్ పడింది కాబట్టి ఏటా థైరాయిడ్ కూడా. మధ్యలో ఎప్పుడైనా ఆటలో మునుపటికన్నా త్వరగా ఆయాసమొస్తే, ఛాతీ పట్టేసినట్టుంటే రెండేళ్ళు ఆగొద్దు.

తమ్ముడు:

థాంక్యూ డాక్టర్. బాబాయ్ గారూ, కీమో చార్ట్ కోసం ఆసుపత్రికి ఏమని రాయాలి? నేను అక్కడికి వెళ్ళకుండా కుదురుతుందా?

రికార్డ్ రూమ్ బాబాయ్:

కుదురుతుంది. అక్కకి నీ సంతకంతో ఒక ఆథరైజేషన్ లెటర్, నీ ఆధార్ కాపీ ఇస్తే చాలు. అప్పట్లో నువ్వు మైనర్‌వి కాబట్టి ఫైల్ మీద మీ నాన్నగారి పేరు కూడా ఉంటుంది, అది లెటర్‌లో రాయి. ఓపీ కార్డు మీది రిజిస్ట్రేషన్ నంబర్ తప్పనిసరి, అది లేకపోతే రోజంతా వెతికిస్తారు. "మెడికల్ రికార్డ్స్" అని ఊరికే అడగొద్దు, డిశ్చార్జ్ సమ్మరీ ఒక్కటే చేతిలో పెడతారు. మూడు విడివిడిగా రాయి: ఒక్కో డోసు తేదీతో సహా కీమో చార్ట్, ఏ భాగానికి ఎన్ని గ్రేలో ఉన్న రేడియేషన్ సమ్మరీ, ట్రీట్‌మెంట్‌కి ముందు ఎకో తీసి ఉంటే ఆ రిపోర్ట్. రేడియేషన్ కాగితాలు చాలాచోట్ల విడిగా ఆ విభాగంలోనే ఉంటాయి, అక్కని అక్కడ కూడా అడగమను. లెటర్ ఇచ్చినట్టు కాపీ మీద స్టాంపు వేయించుకోవాలి. పొద్దున పది లోపు వెళ్తే మంచిది, పదకొండు దాటితే ఇన్సూరెన్స్ వాళ్ళ రద్దీ మొదలవుతుంది.